సుడిగాలి కింద సత్తు బేసిను

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథ చెడుగానే ముగుస్తుంది. మధ్యలో ఎక్కడో నాకు మంచి రోజులొస్తాయేమోనని ఆశపడి చదివేవాళ్లుంటే ఇక్కడే ఆగిపోండి. ఆ ఆశ నేనొక్కణ్ణి పడ్డాను, చాలు. ఇందులో ఒక యంత్రం చస్తుంది, దానితోపాటు నా చదువూ పోతుంది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. అప్పట్లో మా ఊరంతా నవ్వింది, అలవాటైపోయింది.

కొత్త శతాబ్దం మొదలైన తొలి ఏళ్లవి. నేను అనంతపురంలో ఫిజిక్సులో ఎం.ఫిల్ చేసేవాణ్ణి. మా గైడు గారు నాకు పల్చటి లోహపు పొరల మీద పని ఇచ్చారు. ఆ పని గొప్పతనం ఏమిటంటే, దాన్ని ఏసీ గదిలో చెయ్యాలి. ఎండాకాలంలో దుప్పటి కప్పుకోవాలనిపించే గదులు జిల్లా మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటే, అందులో ఒక దాంట్లో నాకో కుర్చీ, ఓ బల్ల. మెడకాయ మీద తలకాయ ఉన్నవాడెవడూ ఆ కుర్చీలోంచి లేవడు. నేను లేచాను.

లేపింది టీవీ. ఒకనాడు హాస్టలు టీవీలో అమెరికా వాళ్ల టోర్నడోల కార్యక్రమం వచ్చింది. కొంతమంది వ్యానేసుకుని టోర్నడో ఎదురుగా పోయి, బోర్లించిన పళ్లెంలాంటి యంత్రాన్ని దాని దారిలో నేల మీద పెట్టి, ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయారు. టోర్నడో సరిగ్గా దాని మీదుగానే పోయింది. నేల దగ్గర గాలి ఒత్తిడి ఎంత ఘోరంగా పడిపోయిందో ఆ యంత్రం రాసిపెట్టింది. వాళ్లు ఒకర్నొకరు కావిలించుకుని ఏడ్చారు. వాళ్లను చూసి నేనూ ఏడ్చాను. మెస్సు వంటమనిషి భయపడి మజ్జిగ తెచ్చిచ్చాడు.

మనకు టోర్నడోలు లేవు. కానీ సుడిగాలులకేం తక్కువ? కళ్యాణదుర్గం పక్క మా ఊళ్లో, శనక్కాయ పీకేసిన బీడు చేలల్లో, ఎండలు ముదిరితే చాలు, ఎర్రటి దుమ్ము స్తంభాలు లేచి తిరుగుతుంటాయి. వాటి నడుమ, నేల దగ్గర, గాలి ఒత్తిడి ఎంత పడిపోతుందో మన దేశంలో ఎవరూ కొలవలేదని నేను తేల్చేశాను. ఎలా తేల్చావని అడగకండి. వెతకలేదు, అంతే.

మా గైడు గారు కడిగిన గాజు పలకలాంటి మనిషి. మాటలో మరక ఉండదు, యాస అసలే ఉండదు. ఆయన నోట ఎప్పుడూ పాఠ్యపుస్తకం భాషే వచ్చేది.

"శ్రీనివాసులూ, చల్లని గది వదిలిపెట్టి ఎండలో గాలి వెంట పరుగెత్తుతానంటున్నావు. బాగా ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకున్నాను సార్."

"దేనితో?"

నేను టీవీలో చూసిందంతా చెప్పాను.

"సరే. కానీ ఈ మే నెలాఖరుతో నీ గడువు పూర్తవుతుంది. ఆ లోపల ఒక్కటి, ఒకే ఒక్క సుడిగాలి ఒత్తిడి గీత, స్పష్టంగా, నా బల్ల మీద ఉండాలి. లేకపోతే నీ పేరు కొట్టేస్తారు. వేసవి తర్వాత నేను రిటైరవుతున్నాను. నీ గురించి వాదించేవాడు ఇంకొకడు ఉండడు."

అంటే లెక్క చాలా సులువు. గీత వస్తే డిగ్రీ, డిగ్రీ వస్తే ఏదో ఒక కాలేజీలో లెక్చరరు పని. రాకపోతే మా నాయన వెంట శనక్కాయ సేద్యం. మా దిక్కు శనక్కాయ సేద్యమంటే విత్తనం మట్టిలో వేసి ఆకాశం వైపు చూస్తూ కూర్చోవడం. చూసి చూసి మా నాయన మెడ శాశ్వతంగా పైకి తిరిగిపోయిందని మా అమ్మ అనేది.

ఇక యంత్రం. దాని పేరు బారోగ్రాఫు. గాలి తీసేసిన పల్చటి రేకు డబ్బీ ఒకటి ఉంటుంది. బయట ఒత్తిడి పెరిగితే అది అణుగుతుంది, తగ్గితే ఉబ్బుతుంది. ఆ కదలికను పట్టుకుని సన్నటి పుల్ల ఒకటి, కొసన ఉన్న పెన్నుతో, తిరిగే కాగితం చుట్ట మీద గీత గీస్తుంది. మా డిపార్టుమెంటులో అలాంటిది ఒక్కటే ఉండేది, ఎప్పటిదో. దాన్ని నాకిస్తూ గైడు గారు కన్నకూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు చూశారు. ఆ చుట్ట వారానికోసారి తిరుగుతుంది. సుడిగాలేమో ఇలా వచ్చి అలా పోతుంది. అందుకని పాత టేపురికార్డరు మోటారు తగిలించి చుట్టను గిరగిర తిప్పే ఏర్పాటు చేశాను. సుడిగాలి రాబోతుండగా ఎవరో ఒకరు దూరం నుంచి స్విచ్చి వెయ్యాలి.

ఆ ఎవరో ఒకరు మా నారాయణ బావ. మా మేనమామ కొడుకు. ట్రాక్టరు ఉంది, కానీ కరువు వల్ల దానికి పని లేదు, బావకూ లేదు. టేపురికార్డరు కూడా ఆయనదే. అందులో మోటారు లేదన్న సంగతి నేను తీసేసిన చాలా రోజులకు ఆయనకు తెలిసింది.

యంత్రాన్ని చెక్కపెట్టెలో పెట్టి మా చేలో అంచు దాకా పాతిపెట్టాం. దుమ్ము పడకుండా, గాలి మాత్రం పోయేలా, మా అవ్వ గుడ్డలు నానేసుకునే సత్తు బేసినుకు చిల్లులు పొడిచి దాని మీద బోర్లించాను. అమెరికా వాళ్ల పళ్లెం కంటే మనదే బాగుందనిపించింది. అవ్వకు అనిపించలేదు.

"నా బేసిను కంతలు కంతలు జేసినావు గదరా! ఏం కొలుస్తావురా దీంతో?"

"సుడిగాలి నడుమ ఒత్తిడి అవ్వా."

"కొలిసి?"

"కొలిసి... రాసుకుంటా."

"రాసుకుంటే వాన పడ్తాదా?"

"పడదవ్వా."

"మరి ఇంగ యాలరా?"

ఎందుకన్న ఆ ప్రశ్నకు సమాధానం ఎవరి దగ్గరైనా ఉంటే నాకు రాయండి.

మార్చి నెలంతా బావా నేనూ వేపచెట్టు కింద స్విచ్చి పట్టుకుని కూర్చున్నాం. సుడిగాలులు వచ్చాయి. చుట్టూ ఉన్న చేలన్నిటికీ వచ్చాయి. పక్క చేలోకి వచ్చి, మా గట్టు దాకా నడిచి, నన్ను చూసి, వెనక్కి తిరిగి పోయాయి. బడి గోడ మీదకు వచ్చాయి, బస్సు ఆగే చోటికి వచ్చాయి, ఒకటైతే మా ఇంట్లోకి దూరి మా అమ్మ ఆరబెట్టిన వంకాయ వరుగులన్నీ ఎత్తుకుపోయింది. ఆ బేసిను మీదకు మాత్రం ఒక్కటీ రాలేదు. ఏప్రిల్లో ఓపిక నశించి పెట్టె పెకలించి నెత్తిన పెట్టుకుని వాటి వెంట పరుగెత్తడం మొదలుపెట్టాను. వెనక బావ వైరు చుట్ట పట్టుకుని. నేను పోయి పెట్టె దించేసరికి గాలి చచ్చిపోయి ఉండేది. వడదెబ్బకు పడుకుని, లేచి, మళ్లీ పరుగెత్తేవాణ్ణి. మీకేం, నీడన కూర్చుని చదువుతున్నారు. ఆ నెల్లో నేను అద్దం చూసుకోవడం మానేశాను.

"ఏమప్పా సీనా," అని పక్క చేను పెద్దన్న గట్టు మీద నుంచి అరిచేవాడు, "గాలి దొరికినాదా?"

"ఇంకా లేదు పెద్దన్నా."

"దొరికితే మాకూ రోంత ఇయ్యప్పా, ఉక్కగా ఉండాది."

చివరికి పెట్టెను ఉన్నచోటే మళ్లీ పాతాం. అప్పుడు, ఏప్రిల్ చివరలో, ఒక బంగారంలాంటి సుడిగాలి సరిగ్గా బేసిను వైపు బయల్దేరింది. బావ స్విచ్చి వేశాడు. అది బేసినుకు పది బారల దూరంలో ఉండగా పెద్దన్న ఎడమ కాలి చెప్పు వచ్చి దాని మధ్యలో పడింది. ఆ వెనకే ఆయన గొంతు వినిపించింది. "థూ! థూ!"

గాలి అక్కడికక్కడే కూలిపోయింది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా దిక్కు సుడిగాలి అంటే గాలి కాదు, దిక్కులేక తిరిగే దెయ్యం. అది మీదికొస్తే ఎడమ కాలి చెప్పు తీసి దాని నడుమకు విసిరి, థూ థూ అని ఉమ్మెయ్యాలి. చెప్పు దెబ్బకు సిగ్గుపడి దెయ్యం పోతుంది. నాకు నడక వచ్చినప్పుడే మా అవ్వ ఇది నేర్పింది. అక్షరాలు ఆ తర్వాత.

ఆ సాయంత్రం నేను పాలకేంద్రం దగ్గర ఊరివాళ్లను పోగేసి ఉపన్యాసమిచ్చాను. వేడెక్కిన నేల, పైకి లేచే గాలి, అన్నీ చెప్పాను. పాలు పొయ్యడానికి వచ్చినవాళ్లు పారిపోలేక విన్నారు.

"కాబట్టి అందులో దెయ్యం లేదు. ఇకనుంచి సుడిగాలి మీద ఎవరూ చెప్పులు విసరొద్దు. చదువుకున్నవాణ్ణి, చేతులెత్తి దండం పెడుతున్నా."

"ఇసరకుంటే అది మీదికొస్తాది గదప్పా," అన్నాడు పెద్దన్న.

"రానీ. నేను చూసుకుంటా."

"నువ్వేం సూసుకుంటావు?"

"దానికి బీపీ సూస్తాడులే పెద్దన్నా," అన్నాడు బావ. ఊరంతా నవ్వింది. కానీ మంచివాళ్లు, మాట ఇచ్చారు. ఎం.ఫిల్ పుస్తకానికి రాసుకుంటున్న ముందుమాటలో కూడా నేనిలా రాశాను: స్థానికులు అజ్ఞానం వల్ల సుడిగాలిపై పాదరక్షలు విసురుతారు. గైడు గారు దాన్ని చదివి, అజ్ఞానం ముందు 'ఘోరమైన' అని చేర్చారు.

మే వచ్చింది. మే నడిచిపోయింది. గాలులు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి, కాగితం తెల్లగానే ఉంది. గడువు తీరే వారంలో గైడు గారు స్వయంగా జీపులో దిగారు. సఫారీ సూటు, ముఖం కనపడేలా పాలిష్ చేసిన నల్ల బూట్లు. ఆ బూట్లతో దుక్కి చేలో నడుస్తుంటే నాకే బాధేసింది.

"నేను కళ్లారా చూసి, ఇది కుదరదని రాసి వెళ్లిపోతాను," అన్నారు. "నీ మీద జాలితో వచ్చాను. ఇంకేమీ ఆశించకు."

గట్టు మీద మూగిన జనాన్ని చూసి ఆయనలోని మాస్టారు ఊరుకోలేదు. "ఏమండీ, సుడిగాలిలో దెయ్యం ఉంటుందని మీరు ఇంకా నమ్ముతున్నారా?"

"ల్యాదు సార్," అన్నాడు పెద్దన్న వినయంగా. "మీరు పొయ్యేదాకా నమ్మం."

పొద్దుటి నుంచి ఎదురుచూశాం. ఆకు కదల్లేదు. అంతకుముందు మా వరుగులెత్తుకుపోయిన గాలి ఆ రోజు ఏ ఊరు పోయిందో! మధ్యాహ్నం గైడు గారు చెమట తుడుచుకుని గడియారం చూసుకున్నారు. నా భుజం మీద చెయ్యి వేశారు. "శ్రీనివాసులూ, సేద్యం కూడా మంచి వృత్తే," అన్నారు. మా నాయన గట్టు మీద నిలబడి ఈ మాట విని, ఆ చేను వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూశాడు.

అప్పుడు బావ నా మోచెయ్యి గిల్లాడు.

"సీనా. అదో."

దూరంగా బీడులో పిడికెడు దుమ్ము లేచింది. అది గిర్రున తిరిగి మనిషెత్తు అయింది. మనిషెత్తు తాటిచెట్టంత అయింది. ఎండిన శనక్కాయ ఆకు, ప్లాస్టిక్ కవర్లు, ఎవరిదో తువ్వాలు, అన్నీ దాంట్లో తిరుగుతున్నాయి.

"యాడికి పోతాందిది బావా?"

"యాడికీ పోలే. ఈడికే వస్తాండాది."

"స్విచ్చి బావా! స్విచ్చి!"

"ఏసినా! ఎప్పుడో ఏసినా!"

"ఎవరూ కదలకండి!" అని గైడు గారు కేక పెట్టారు. "అద్భుతం! నేరుగా వస్తోంది! కదలకండి!"

నిజంగానే నేరుగా వచ్చింది. ఈసారి పక్కకు తిరగలేదు, ఆగలేదు. నెలల తరబడి నేను కన్న కల అడుగులేసుకుంటూ వచ్చి బేసిను మీద కాలు పెట్టింది. బేసిను చిల్లులు ఈల వేశాయి. హోరుమని చప్పుడు. ఎర్రటి దుమ్ము మా ముఖాల మీదికి కమ్ముకొచ్చింది. సంతోషంతో నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నా డిగ్రీ, నా ఉద్యోగం, అన్నీ ఆ బేసిను కింద గీతగా పడుతున్నాయి.

సరిగ్గా అప్పుడు నా చెయ్యి కిందికి పోయింది. నేను పంపలేదు, దేవుడి తోడు, అదే పోయింది. ఎడమ కాలి చెప్పు ఊడదీసింది. పూర్తి బలంతో విసిరింది. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"థూ! థూ!"

అవి టైరు చెప్పులు. పాత లారీ టైరు కోసి మేకులు దిగేసిన సరుకు. తుమ్మ ముళ్లను లెక్కచెయ్యవు, సత్తు బేసిను వాటికొక లెక్కా? ఠంగుమని మోగింది. బేసిను ఒక పక్క లేచింది, లేచిన దాన్ని గాలి ఎత్తుకుని పోయింది. మూత పోయిన పెట్టెలోకి మా చేలో ఉన్న మట్టంతా పోయింది. వెంటనే, చెప్పు పడ్డ ప్రతిసారీ జరిగినట్టే, సుడిగాలి తుస్సుమని కూలిపోయింది.

"భలే కొట్టినావు సీనప్పా!" అని పెద్దన్న గట్టు మీద నుంచి చప్పట్లు చరిచాడు. "మమ్మల్ని వద్దని నువ్వు కొట్టినావే!"

నేను పెట్టె దగ్గరికి పరుగెత్తాను. రేకు డబ్బీ అప్పడంలా అణిగిపోయి ఉంది. పుల్ల విరిగి ఉంది. వాటి మీద నా చెప్పు హాయిగా పడుకుని ఉంది. కాగితం మాత్రం పీకి, దులిపి, పట్టుకుని వెనక్కి వచ్చాను. గైడు గారు ఉన్నచోటే బొమ్మలా నిలబడి ఉన్నారు. డిపార్టుమెంటుకున్న ఒక్కగానొక్క యంత్రాన్ని ఆయన కళ్ల ముందే చంపాను. ఇక ఆలోచించలేదు. కాగితం ఆయన చేతిలో పెట్టి, భోరుమని, ఆయన కాళ్ల మీద పడ్డాను.

"సార్! తప్పయిపోయింది సార్! అజ్ఞానం సార్! ఘోరమైన అజ్ఞానం!"

రెండు పాదాలూ పట్టుకున్నాను. ఎడమచేతికి బూటు తగిలింది. కుడిచేతికి మెత్తగా ఏదో తగిలింది. కళ్లు తెరిచి చూస్తే సాక్సు.

బూటు లేదు.

నెమ్మదిగా తలెత్తాను. ఆయన నన్ను చూడటం లేదు. దూరంగా పెద్దన్న చేను వైపు చూస్తున్నారు.

"నాది బేసిను దాటిపోయినట్లుండాదప్పా," అన్నారు చాలా చిన్నగా. "ఎవుర్నన్నా పంపించి తెప్పియ్యి."

అన్నేళ్లలో ఆయన నోట ఆ మాటతీరు నేను వినలేదు. మట్టిలో కూర్చుండిపోయాను. ఆయన కూడా సఫారీ సూటుతోనే వచ్చి నా పక్కన కూలబడ్డారు.

"ఏ ఊరు సార్ మీది?"

"కదిరి పక్కన పల్లె. మా అవ్వ నేర్పించింది."

"మా అవ్వ కూడా సార్."

ఆయన కాగితం విప్పి ఒళ్లో పరుచుకున్నారు. గీత నిదానంగా సాగి, ఒకచోట నుంచి ముద్దుగా కిందికి వంగడం మొదలుపెట్టింది. ఇలా వంగిందో లేదో, ఒక్కసారిగా కాగితాన్ని చీల్చుకుంటూ అంచు దాటి పోయింది. ఆయన వేలితో చూపించారు.

"ఈడి వరకూ గాలి. ఈడ నుంచి చెప్పు."

"ఆ 'ఈడి వరకూ' ఉండేది చాలదా సార్?"

"ఎట్ల చాలుతుందప్పా? గాలి నడుమ దాకా యాడ పోయింది గీత? అంచు కాడనే ఆగిపోయింది. ఆపైన ఇదేందని అడిగితే ఏం చెప్తావు? అబద్ధం రాస్తావా?"

"నిజమే రాస్తాను సార్."

ఆయన తన సాక్సు వైపు చూసుకున్నారు. "నిజం రాస్తే ఇద్దరి పేర్లూ రాయాల," అన్నారు.

అంతటితో నా ఎం.ఫిల్ అయిపోయింది. పెద్దన్న బూటును కట్టె కొసకు తగిలించి దూరంగా పట్టుకుని తెచ్చాడు. గైడు గారు తొడుక్కుని, యంత్రం సంగతి తాను చూసుకుంటానని చెప్పి, ఎవరి ముఖమూ చూడకుండా జీపెక్కారు. రిటైరయ్యాక ఆయన బెంగళూరులో స్థిరపడ్డారు. తెలుగు పుస్తకాలు చదవరని నా గట్టి నమ్మకం.

ఇంకో యంత్రం దొరికేది కాదు, దొరికినా లాభం లేదు. ఎందుకంటే సరిగ్గా ఆ తర్వాతి వారమే వాన పడింది. ఏళ్ల తరబడి మొహం చాటేసిన వాన, ఆ ఏడు ముందుగా, ధారగా, నేల తడిసి ముద్దయ్యేలా పడింది. తడిసిన నేల మీద సుడిగాలి లేవదు. ఊరంతా వీధిలోకి వచ్చి తడిసింది. బావ ట్రాక్టరు కడుక్కున్నాడు. నేను అరుగు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. అంత దుఃఖం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

మా నాయన తడిసిన ఒంటితో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "ఏమప్పా, వాన పడ్తాంటే ఏడ్చేవాణ్ణి ఈ జిల్లాలో ఇప్పుడే చూస్తాండా. లెయ్, విత్తనానికి గొర్రు కట్టాల."

లేచాను. ఆ ఏడు శనక్కాయ వేశాం, ఆ తర్వాత కూడా వేశాం. ఇప్పుడొక బడిలో సైన్సు చెప్పుకుంటున్నాను. సుడిగాలి నడుమ నేల దగ్గర ఒత్తిడి ఎంత ఉంటుంది సార్ అని పిల్లలడిగితే, పుస్తకంలో చూసి చెబుతాను. అది కొలిచినవాళ్ల అవ్వలు ఎలాంటివాళ్లో మరి.

అందుకని, ఇది చదివిన మీ అందరి సాక్షిగా, నిలబడి, కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ సుడిగాలిని కొలవబోను. ఒకవేళ బుద్ధి గడ్డి తిని కొలవడానికి పోతే, ఉత్తకాళ్లతో పోతాను. నా వెంట వచ్చే వాళ్లు ఎంతటి పండితులైనా సరే, జీపు దగ్గరే వాళ్ల బూట్లు విప్పించి, లోపల పెట్టి, తాళం వేస్తాను.